మేడమీద నాలుగు కొక్కేలు

మా టీచరమ్మగారు పోయారు. ఆదివారం పొద్దున ఫోనొచ్చింది. అప్పటికి నేను తెనాలిలో మా మ్యూజియం ఇంటి వరండా కడిగి, చెప్పుల స్టాండు బయటపెట్టి, బాపట్ల నుంచి రావాల్సిన కాలేజీ పిల్లల కోసం టికెట్ల పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఆవిడకి రెండు వారాలుగా ఒంట్లో బాగాలేదు. ఈ ఆదివారం మాత్రం ఎలాగైనా వస్తానని మాటిచ్చారు. రేపల్లె పాసింజరు దిగగానే "వచ్చేశాను, టీ చెప్పు" అని ఫోన్లో ఒక్క ముక్క అనడం ఆవిడ అలవాటు. అందుకని నేను ఫోనెత్తుతూనే, "చెప్పేశానండి టీ!" అన్నాను.

అవతల ఆవిడ కాదు. ఆవిడ ఇంట్లోనే ఇంకో వాటాలో అద్దెకుంటారని నేననుకునే నర్సమ్మగారు, పెద్దాసుపత్రిలో చేసి రిటైరైనావిడ. "టీచరు పోయింది బాబూ, తెల్లారగట్ల," అన్నారు. టీ కుర్రాడు రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

ఆ రోజు పిల్లలకి ఇల్లు చూపించాను. చీరలు చూపించాను, సవరాలు చూపించాను, హార్మోనియం చూపించాను. మేడమీదకి మాత్రం తీసుకెళ్ళలేకపోయాను. పైగది సున్నం వేస్తున్నారని అబద్ధం చెప్పాను. ఆవిడుంటే నా చెవి మెలేసేవారు.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. మాది నందివెలుగు. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంటికి కాపలా నేనే, టికెట్లు నేనే, చీపురు నేనే, గైడునూ నేనే. కాలవ పక్కన పాత మేడ. ఒకప్పుడు స్టేజీ మీద ఆడవేషాలు కట్టి ఊళ్ళకి ఊళ్ళని ఏడిపించిన నటుడొకాయన ఇల్లు అది. ఆయన నాటకాలకి హార్మోనియం వాయించినాయన కూడా ఆ ఇంట్లోనే ఉండి, ఆ ఇంట్లోనే ముసలివాడై, నటుడుగారు పోయిన ఏడాదికి తనూ పోయాడు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు లేవు. నటుడుగారి అన్న మనవలు ఇంటిని ఊళ్ళో నాటకాలంటే చెవి కోసుకునే పెద్దలకి అప్పగించారు. వాళ్ళు ఒక కమిటీ వేసుకుని మ్యూజియం చేశారు.

మొదట్లో నా టూరు చాలా చులాగ్గా ఉండేది. "ఇది నటుడుగారి పడకగది, మేడమీద. ఇది హార్మోనిస్టుగారి గది, కింద. ఆయన నటుడుగారికి నమ్మినబంటు, తోడునీడ, చివరిదాకా సేవ చేసుకున్నారు." అంతే, పదండి బయటికి. నిజానికి మా చేతికొచ్చేసరికి ఆ కింది గదిలో బియ్యం బస్తాల గోతాలూ, విరిగిన కుర్చీలూ ఉన్నాయి. మా కమిటీ ప్రెసిడెంటుగారు వచ్చి చూసి, "హార్మోనిస్టుకి కూడా ఒక గదుండాలి కదరా" అన్నారు. సరే అని నేనే మా మేనమామ ఇంట్లో పాత మంచం ఆటోలో వేసుకొచ్చి అక్కడ పడేశాను. దాని మీద దుప్పటి పరిచి, గోడకి ఒక అట్టముక్క తగిలించాను. మూడేళ్ళపాటు వచ్చినవాళ్ళందరికీ మా మేనమామ మంచం చూపించి హార్మోనిస్టుగారి మంచమని చెప్పాను. నాకు ఏ అనుమానమూ రాలేదు.

టీచరమ్మగారు ఒక సాయంత్రం గొడుగు వేసుకుని వచ్చారు. రేపల్లెలో సోషల్ చెప్పి రిటైరైన లూథరన్ టీచరుగారు. తెల్లటి నేత చీర, భుజాన గుడ్డసంచి. అందరూ గదిలోకి రాగానే వస్తువులు చూస్తారు. ఆవిడ గోడలు చూశారు. అదీ పైన, కప్పు దగ్గర. నేను నా పాఠం అప్పజెప్పేదాకా ఓపిగ్గా విని, అప్పుడడిగారు.

"ఈ గదిలో ఎన్నేళ్ళు పడుకున్నాడయ్యా ఆయన?"

"నలభై ఏళ్ళ పైనేనండి."

"దోమతెర లేకుండానా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ సంచిలోంచి టైలర్ల దగ్గరుండే టేపు తీశారు. "గోడకి ఒక్క మేకు లేదు. కొక్కెం లేదు. పీకేసిన కన్నం కూడా లేదు. పక్కన కాలవ, వెనక మురుగ్గుంట. ఇక్కడ మనిషి దోమతెర లేకుండా నలభై ఏళ్ళు పడుకున్నాడంటున్నావు. టైమెంతయింది?"

"ఆరండి."

"మంచి టైము. ఒక్క పావుగంట నువ్వు పడుకో, నేను బయట కూర్చుంటాను."

నాకు కోపమొచ్చింది. టికెట్టు కొని వచ్చిన మనిషి నన్ను పడుకోమనడమేంటి! కానీ ఆవిడ గొంతులో ఏదో ఉంది, మూడో తరగతిలో బెంచీ ఎక్కమంటే ఎక్కినట్టు ఎక్కి పడుకున్నాను. అయ్యబాబోయ్! నాలుగు నిమిషాలు కూడా ఉండలేదు. చెవుల్లో, మెడ మీద, పాదాల కింద. చొక్కా దులుపుకుంటూ వరండాలోకి పరిగెత్తుకొచ్చాను. ఆవిడ నవ్వనైనా నవ్వలేదు. "చూశావా? ఇల్లు అబద్ధం చెప్పదు నాయనా. సర్దేవాళ్ళు చెబుతారు," అన్నారు.

ఆ సాయంత్రం మేమిద్దరం ఆ ఇల్లంతా వెతికాం. ఎంత హుషారుగా వెతికామో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు ఝల్లుమంటుంది. వంటిల్లు చూశాం, వరండా చూశాం, మెట్ల కింద చూశాం. ఎక్కడా దోమతెర కట్టిన జాడ లేదు. చివరికి మేడమీద గదిలో, నటుడుగారి గదని నేను చెప్పే గదిలో, కప్పు కింద నాలుగు ఇత్తడి కొక్కేలు! ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో అప్పటికి మూడేళ్ళు నేను వాటి కిందే చీపురు పట్టుకు తిరిగాను. ఆవిడ నన్ను స్టూలెక్కించి టేపు పట్టించారు. పొడుగు కొలిచాం, వెడల్పు కొలిచాం. ఒంటి మంచానికి కట్టే తెర కాదది. ఇద్దరు పడుకునే మంచానికి కట్టేది.

"గూళ్ళు చూడు," అన్నారు. మంచం తలవైపు గోడకి అటొక గూడు, ఇటొక గూడు. టార్చి వేసి చూస్తే, ఒక గూట్లో సున్నం కింద ఎర్రరంగు మరకలు, ముఖానికి వేసుకునే రంగు. రెండో గూట్లో నల్లగా, గోధుమగా పొడి పట్టిన మరక. ఆవిడ వేలితో రాసి వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు. నాకు తుమ్మొచ్చింది. ముక్కుపొడుం! మా దగ్గరున్న ప్రతి ఫొటోలోనూ హార్మోనిస్టుగారి చేతిలో పొడుం డబ్బా ఉంటుంది.

"ఉత్తరాలేమైనా ఉన్నాయా?"

"లేవండి. అన్నీ తగలబెట్టేశారట."

"అయితే మనకి ఇల్లే ఉత్తరం," అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, సంతోషంతో.

తర్వాతి ఆదివారం నుంచి ఆవిడ రావడం మొదలుపెట్టారు. జీతం లేదు, ఏమీ లేదు. రైల్లో వచ్చి, టీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని నిలబడేవారు. నా మేనమామ మంచం మేనమామకి వెళ్ళిపోయింది. గోతాలు గోతాల గదికి వచ్చాయి. అట్టముక్క నేనే చింపాను.

ఆవిడ టూరు చెప్పే తీరే వేరు. పట్టుచీరల దగ్గర జనం ముసిముసి నవ్వులు నవ్వుతారు కదా, అక్కడే ఆపేవారు. "ఆడవేషం కట్టాడు కాబట్టి అలాంటివాడు అనుకోకండి. ఆ రోజుల్లో ఆడవేషాలు కట్టినవాళ్ళలో పెళ్ళాం పిల్లలతో నిక్షేపంగా ఉన్నవాళ్ళు బోలెడుమంది. వేషం చూసి మనిషిని చెప్పకూడదు. ఇల్లు చూసి చెప్పాలి," అనేవారు. అప్పుడు కింది గదికి తీసుకెళ్ళి, "ఇక్కడెవరైనా పడుకోగలరేమో మీరే చెప్పండి," అనేవారు. జనం గోడలు వెతికేవాళ్ళు. అప్పుడు మేడమీదకి. నాలుగు కొక్కేలు జనమే కనిపెట్టాలి, ఆవిడ వేలెత్తి చూపించేవారు కాదు. ఎవరో ఒకరు, ఎక్కువగా చిన్నపిల్లలు, "అవిగో!" అని అరిచేవాళ్ళు. ఆవిడ మొహం వెలిగిపోయేది. అయిదేళ్ళలో ప్రతిసారీ, అప్పుడే తనూ మొదటిసారి చూసినట్టు!

ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పేవారు. "వీళ్ళిద్దరూ ఒకరికొకరు. మొగుడూ పెళ్ళాలు ఎలా ఉంటారో అలా ఉన్నారు. ఇప్పుడు దీనికి గే అనీ ఏదనీ పేర్లున్నాయి. అప్పుడు మన తెనాలిలో పేరు లేదు, కాపరం మాత్రం ఉంది. తలుపేసుకున్నాక సంగతి మనకి తెలియదు, తెలియనిది తెలియదనే చెప్పాలి. అయినా ఒక ఇల్లు, ఒక మంచం, ఒక దోమతెర చూసి ఆలుమగలంటే ఎవరం ఋజువు అడగం. వీళ్ళ దగ్గరే ఎందుకు అడుగుతాం?"

కొంతమంది మొహాలు ముడుచుకునేవాళ్ళు. ఒకాయన "పిల్లలున్నారండి" అన్నాడు. "దోమలు పిల్లల్నీ కుడతాయండి, వాళ్ళకీ తెలియాలి కదా దోమతెర సంగతి," అన్నారీవిడ. ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలియక చెప్పులేసుకున్నాడు. ఇంకోసారి బాపట్ల నుంచి వచ్చిన కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి అందరూ దిగిపోయాక పైనే నిలబడిపోయింది. నేను తాళం చేతపట్టుకుని మెట్ల మీద ఉన్నాను. ఆ అమ్మాయి చున్నీ చివర నలుపుకుంటూ, "అప్పుడు కూడా మాలాంటోళ్ళు ఉన్నారా అండి?" అంది.

"ఉన్నారమ్మా," అన్నారు టీచరమ్మగారు. "మంచం వేసుకుని, దోమతెర కట్టుకుని, ఆవకాయ పెట్టుకుని, దెబ్బలాడుకుని, సద్దుకుని, నలభై ఏళ్ళు ఉన్నారు."

ఆ అమ్మాయి ఏడవలేదు. నవ్వింది. ఎంత పెద్ద నవ్వంటే నేను తాళం మర్చిపోయాను. తర్వాత రెండుసార్లు స్నేహితుల్ని వెంటేసుకొచ్చి తనే కొక్కేలు చూపించింది. చరిత్ర చెప్పడమంటే ఏంటో నాకు ఆ రోజు తెలిసింది. అంతకుముందు నాకు తెలిసిందల్లా టికెట్లు చింపడం.

ఇక ప్రెసిడెంటుగారి గొడవ. ఆయన చెడ్డవాడేం కాదు. నటుడుగారంటే ప్రాణం. అదే చిక్కు. "ఆయన పేరు పాడవుతుందమ్మా," అంటారు. ఆవిడ టేపు పట్టుకుని కమిటీ ముందు కూర్చున్న రోజు నేను టీలు అందిస్తూ అక్కడే ఉన్నాను.

"కింది గదిలో పందిరిమంచం ఉండేదేమో. దానికి కొక్కేలెందుకు?" అన్నారు ఆయన.

"ఆ గుమ్మంలో పందిరిమంచం పట్టదండి. కొలిచాను. చెక్కలు విడదీసి పట్టుకెళ్ళినా, కప్పు మరీ కిందికి ఉంది, పందిరి గుంజలు నిలబడవు."

"పోనీ, పెద్ద నటుడు, పెద్ద మంచం వేసుకున్నాడు. ఒక్కడే."

"మరి హార్మోనిస్టుగారు ఎక్కడ పడుకున్నారండి?"

ఆయన టీ తాగేసి, ఖాళీ గ్లాసు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకున్నారు. టీచరమ్మగారు అడిగింది ఒక్కటే. ఆ నాలుగు కొక్కేలకీ దోమతెర కట్టాలి. ఆ తెర కింద ఇద్దరు పడుకునే మంచం వేయాలి. "ఖాళీ గోడ చూపించి ఎన్నాళ్ళని ఊహించుకోమనను? కట్టి ఉంటే నేను మాట్లాడక్కర్లేదు. నేను పోయాక కూడా అదే చెబుతుంది," అన్నారు.

ప్రెసిడెంటుగారు తప్పించుకునే దారి ఒకటి కనిపెట్టారు. "ఇది మ్యూజియం కదండీ. బజార్లో కొన్న నైలాన్ తెర కట్టకూడదు. ఆ కాలం నాటి నూలు తెర, డబుల్ మంచానిది, పాతది పట్టుకురండి. నా చేతుల్తో నేనే కడతాను." పాత పట్టుచీర ఎవరైనా దాచుకుంటారు గానీ పాత దోమతెర ఎవరు దాచుకుంటారు? అది ఆయనకి తెలుసు. చిరిగితే వడియాల మీద కప్పుతారు, ఇంకా చిరిగితే మజ్జిగ వడగడతారు.

ఈవిడ మాత్రం ఎగిరి గంతేశారు. "నాయనా, స్కూటరు తియ్!"

ఆ రెండేళ్ళ వెతుకులాట నా జీవితంలో అన్నిటికంటే మంచి కాలం. డెబ్బై దాటిన మనిషి, నా వెనక ఒకపక్కకి కూర్చుని, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో నా భుజం. తెనాలిలో అటకలు చూశాం. బాపట్లలో ఆవిడతో ట్రైనింగయిన టీచరుగారింట్లో ఒకటి దొరికిందని కేకలు పెట్టుకుంటూ వెళితే, అది ఒంటి మంచానిది, అందులో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. ఎవరో వాడరేవులో పడవల ఆసామి ఇంట్లో ఉందన్నారని అంతదూరమూ పోయాం. చేపలు ఎండబెడుతున్న ఆవిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "దోమతెరా? వల కావాలంటే ఇస్తా తీసుకుపో మామ్మా. ఈ గాలికి మా దగ్గర దోమెక్కడ నిలుస్తది!" అంది. టీచరమ్మగారు ఇసకలో కూలబడి నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నా నవ్వు ఆగలేదు.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డుపక్క మొక్కజొన్న కంకులు కాలుస్తుంటే ఆపించారు. నాకొకటి కొన్నారు. ఆవిడ ఒకటి తిన్నారు. ఇంకొకటి కాగితంలో చుట్టించి సంచిలో పెట్టుకున్నారు. ఏది కొన్నా అంతే. జామకాయలైతే రెండు, బజ్జీలైతే రెండు పొట్లాలు. సాయంత్రమైతే చాలు, "ఇంక పోవాలి నాయనా, ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారు," అనేవారు. ఎవరు ఎదురుచూస్తారో నేనడగలేదు. అన్నయ్యగారి పిల్లలేమో అనుకున్నాను. గోడల మీది మరకల్ని చదవడం నేర్పించిన మనిషి చేతిలో రెండేసి జామకాయలు నాకు కనపడలేదు!

ఒక్కసారి మాత్రం అన్నాను. "తెనాలి అయింది, బాపట్ల అయింది, మీ రేపల్లెలో చూడలేదు కదండీ. ఒకసారి రానా?" ఆవిడ కళ్ళజోడు తుడుచుకున్నారు. అప్పటికే తుడుచుకుని ఉన్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. "మా ఊళ్ళో లేవులే," అన్నారు.

సోమవారం రేపల్లె వెళ్ళాను. చర్చి నిండిపోయింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఎంతమందో, జుట్టు నెరిసినవాళ్ళు కూడా "మా టీచరమ్మ" అని ఏడుస్తున్నారు. పాస్టరుగారు ఆవిడ గురించి మంచి మాటలు చెప్పారు, మనసులోంచి చెప్పారు. చివర్లో, "పెళ్ళి చేసుకోకుండా, ఒంటరిగా, పిల్లల చదువుకే బతుకంతా ఇచ్చేశారు," అన్నారు. మూడో వరసలో కూర్చున్న నర్సమ్మగారు ఆ మాటకి పాటల పుస్తకం మూసి మళ్ళీ తెరిచారు. నేను అప్పుడు కూడా ఏమీ పట్టించుకోలేదు. అంత మొద్దుని.

సమాధి దగ్గర్నించి జనం ఇంటికొచ్చి, టీలు తాగి, సర్దుకుని వెళ్ళిపోయారు. నేనూ లేస్తుంటే నర్సమ్మగారు, "బాబూ, నువ్వుండు," అన్నారు. లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. గుమ్మం దాటగానే నా కళ్ళు అలవాటు చొప్పున గోడ పైకి పోయాయి.

నాలుగు కొక్కేలు. పొడుగూ వెడల్పూ నేను టేపు లేకుండా చెప్పగలను. వాటికి నూలు దోమతెర, పగటిపూట పైకి ముడేసి పెట్టి ఉంది. తెలుపు పోయి మీగడ రంగుకి వచ్చింది. అక్కడక్కడా చేతికుట్టు మాసికలు. కింద ఇద్దరు పడుకునే మంచం, తలవైపు రెండు గూళ్ళు. ఒక గూట్లో బైబిలు, ఎర్ర పెన్ను, కళ్ళజోడు పెట్టె. రెండో గూట్లో నొప్పుల మందు సీసా, బీపీ మిషను.

ఆ ఇంట్లో వాటాలు లేవు. అద్దెకున్నవాళ్ళెవరూ లేరు.

ముందు నాకు కోపమొచ్చింది, దాచడమెందుకు. ఎండలో రెండేళ్ళు తిప్పారు! ఎలుకలు పిల్లల్ని పెట్టిన తెరలు దులిపించారు! ఇంట్లో ఇది పెట్టుకుని! ఇల్లు అబద్ధం చెప్పదు, సర్దేవాళ్ళు చెబుతారని నాకు చెప్పిన మనిషే. నా మొహం చూసి నర్సమ్మగారు మంచం మీద కూర్చున్నారు, నన్నూ కూర్చోమన్నారు.

"ముప్పై ఎనిమిదేళ్ళు, బాబూ," అన్నారు. "ఈ ఊళ్ళో మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరూ ఒక్క మాట అడగనూ లేదు. ఆ అడక్కపోవడంలోనే మేం బతికేశాం. నువ్వు రానా అంటే ఒక్క చూపుతో కనిపెట్టేస్తావని భయం దానికి. నేర్పింది తనే కదా."

నేను పైన ముడేసిన తెర వైపు చూశాను.

"మీ తెనాలి వెళ్ళొచ్చిన ఆదివారం ఇల్లంతా సందడే. రైలు దిగి వచ్చి, చీరైనా మార్చుకోకుండా, నన్ను ఇక్కడే కూర్చోబెట్టి, టూరంతా మళ్ళీ నాకు చెప్పేది. ఈ గూడు చూపించి అది ఎర్రరంగు గూడనేది, నా గూడు చూపించి పొడుం గూడనేది. 'ఈ వేళ ఒక పిల్ల అవిగో అని ఎంత గట్టిగా అరిచిందనుకున్నావ్!' అని అది అరిచేది. నేను నవ్వలేక చచ్చేదాన్ని." ఆవిడ నిజంగానే నవ్వారు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "మొన్న ఆసుపత్రిలో అడిగాను. తెర ఇచ్చేయనా ఆ అబ్బాయికి అని. 'నిన్ను దోమలు కుడతాయే' అంది. అంతేగానీ వద్దనలేదు."

లేచి, మంచమెక్కబోయారు. నేను పట్టుకుని ఆపి, నేనే ఎక్కి నాలుగు ముళ్ళూ విప్పాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని మడిచాం. ఆవిడకి నైలాన్ తెర ఒకటి కొనిచ్చి, గోడకి కట్టి, అప్పుడు తెనాలి బయల్దేరాను. చేతిలో ఆ మూట పెట్టుకుని పాసింజర్లో కూర్చుంటే ఒకపక్క ఏడుపు, ఇంకోపక్క ఎవరినో ఒకరిని పట్టుకుని "దొరికిందండోయ్!" అని అరవాలని. ఎవరికి చెప్పాలో ఆ మనిషే లేరు. ఎదురుగా కూర్చున్న పూలబుట్ట ఆవిడకి చెప్పాను. "మంచిది నాయనా," అంది ఆవిడ, అది ఏంటో తెలియకుండానే.

ఆ వచ్చే ఆదివారం నర్సమ్మగారు పాసింజర్లో వచ్చారు, ఒక్కరే. నేను ప్రెసిడెంటుగారిని పిలిపించాను. ఆయన మేడమీదకొచ్చి, నేను తెచ్చి వేసిన డబుల్ మంచం చూసి మొహం ముడుచుకుని, దాని మీదున్న తెర చూసి ఆగిపోయారు. వేళ్ళతో నేత పట్టి చూశారు. "నూలే. పాతదే. ఎక్కడ దొరికిందిరా?" అని నన్నడిగారు.

నేను నర్సమ్మగారి వైపు చూశాను. చెప్పడం నా పని కాదు.

"మా ఇంట్లోదేనండి," అన్నారావిడ, రోగికి జ్వరమెంతో చెప్పినంత మామూలుగా. "మా అమ్మ ఇచ్చిన గుడ్డ. నేనూ టీచరూ కలిసి కుట్టుకున్నాం. ముప్పై ఎనిమిదేళ్ళు దీంట్లోనే పడుకున్నాం."

ప్రెసిడెంటుగారు నర్సమ్మగారిని చూశారు, తెరని చూశారు, కొక్కేల్ని చూశారు. ఇంత వయసొచ్చి ఆయన చెవులు ఎర్రబడటం నేను మొదటిసారి చూశాను. ఆయన భుజం మీది కండువా తీసి తలుపుకి తగిలించి, "స్టూలు పట్టుకోరా," అన్నారు. ఎక్కి, ఒక్కో మూలా, నాలుగు ముళ్ళూ తనే వేశారు. దిగి, "అమ్మా, సరిగ్గా ఉందా?" అని అడిగారు. "తలవైపు కాస్త దించండి," అన్నారు నర్సమ్మగారు. మళ్ళీ ఎక్కి దించారు.

ఇదంతా రాయమన్నది నర్సమ్మగారే. పేర్లు మాత్రం వద్దన్నారు. "టీచరమ్మ అను చాలు. అదే దాని పేరు," అన్నారు.

ఆ రోజు కట్టడం అయ్యాక ఆవిడ మంచం చుట్టూ తిరిగి తెర అంచులు పరుపు కింద దోపారు. కాళ్ళవైపు దోపారు, తలవైపు దోపారు, కుడిపక్క దోపారు. ఎడమపక్క వదిలేశారు. మర్చిపోయారేమో అనుకుని నేను వంగాను.

"ఆ పక్క వద్దు బాబూ," అన్నారు. "పిల్లల పేపర్లు దిద్దుకుని అది ఎప్పుడూ ఆలస్యంగా వస్తుంది. దాని పక్క నేను దోపను."

ఇప్పుడు రోజూ పొద్దున్నే గది తుడిచి, మూడు పక్కలా నేనే దోపుతున్నాను. చూడ్డానికొచ్చినవాళ్ళు ఎవరో ఒకరు, "ఏవండీ, ఆ పక్క ఊడిపోయిందండి," అని సర్దబోతారు. "ఊడిపోలేదండి, ఉండనివ్వండి," అంటాను. కాలవ మీంచి గాలి వచ్చినప్పుడు ఆ పక్క అంచు కాస్త లేచి, మళ్ళీ మంచం మీద పడుతుంది.